గంజి పెట్టిన మెడతాడు

మా నాయన కుక్కకు మెడతాడు పేనింది నేనే. ఎర్ర నూలు, పచ్చ నూలు కలిపి మూడు పాయలుగా తీసి, రెండు రోజులు కూర్చుని పేనాను. అంత ముచ్చటైన తాడు ఎమ్మిగనూరులో ఏ ఎద్దు మెడలోనూ ఉండేది కాదు. రాయబోయేది ఆ తాడు సంగతే కాబట్టి, పేనింది ఎవరో ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే మధ్యలో ఎక్కడో తప్పించుకుంటాను. ఒకసారి అట్లాగే తప్పించుకున్నాను కూడా.

కర్నూలు రాజధాని అయిందని అందరూ చెప్పుకొంటున్న రోజులవి. నన్ను ఎమ్మిగనూరులో ఇచ్చి నాలుగేళ్లయింది. పుట్టినింట్లోనూ మగ్గమే, మెట్టినింట్లోనూ మగ్గమే. అమ్మ పోయాక నాయన ఆదోనిలో, పత్తి మిల్లుల వెనక సందులో, ఒక్క గదిలో ఒక్కడే ఉండేవాడు. కళ్లలో పువ్వు పూసింది. మొదట నూలుపోగు కనిపించడం మానేసింది, తరవాత మనుషుల మొహాలు, ఆఖరికి వాకిలి ఎటు ఉందో గాలిని బట్టి చెప్పే స్థితి వచ్చింది. మగ్గం అమ్మేశాడు. చేతివేళ్లు మాత్రం పని మానలేదు. ఒడిలో పాత పంచె పెట్టుకుని దాని అంచు వెంబడి బొటనవేలితో తడుముతూ, ఇక్కడ పోగు తెగింది, ఇక్కడ అతికారు అని తనలో తను చెప్పుకునేవాడు.

ఆ గది వాకిట్లోకి ఒక కుక్క వచ్చి చేరింది. గోధుమరంగుది, ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి ఉండేది. దానికి పేరంటూ పెట్టలేదు. నాయన నాలుకతో టక్కుమనిపిస్తే వచ్చేది. దానికి ఎవరూ ఏమీ నేర్పలేదు. ఒకరోజు బావి చేద తాడు ముక్క ఒకటి దాని మెడకు కట్టి, రెండో కొస పట్టుకుని టీ అంగడి దాకా పోయొచ్చాడట. మర్నాటి నుంచి అది ఆయన పనయింది, దాని పనీ అయింది. తాడు బిగిస్తే పద అని, వదులైతే ఆగు అని, పక్కకు లాగితే బండి వస్తోందని. ఎదురుగా ఎద్దో మనిషో అడ్డం ఉంటే ఒక్కసారి మొరిగేది. రెండుసార్లు మొరిగిందంటే తోవలో గుంత ఉందని నాయన లెక్క. నిజమో కాదో నాకు తెలియదు గానీ, ఆయన మాత్రం ఎన్నడూ గుంతలో పడలేదు.

"ఒకరి సెయ్యి పట్టుకొని నడిసే బతుకు నాకొద్దు పాపా" అనేవాడు. "ఇది మనిషి గాదు గదా. దీనికి నామీద జాలి ల్యా. అందుకే దీనితో పోతా."

కూతురింటికి వచ్చి ఉండమంటే ఏడాది పాటు ఒప్పుకోలేదు. మా అత్తే, ఆదోని నుంచి మాకు నూలు తోలే బండాయనతో కబురు పంపింది: "ఈడ పొద్దున్నే పడుగులు సాపుతారు. ఆయప్ప వచ్చి వేళ్లతో తడిమి నూలు మంచీ సెడ్డా సెప్తే మాకు సాలు. వంటింట్లో కూసోబెట్టి పెట్టేదానికి పిలవడం ల్యా." ఆ మాటకు నాయన మెత్తబడ్డాడు. పడుగులు, అంటే మగ్గానికెక్కించే నిలువు పోగులు, చాపి గంజి పెట్టే చోటు మా ఇంటి నుంచి నాలుగు సందుల అవతల. కుక్క వస్తే ఎవరినీ అడగకుండా తనే పోయిరావచ్చు. కుక్క వస్తేనే తనూ వస్తానన్నాడు. ఆ కబురుతోనే ఇంకో మాట కూడా పంపాడు: చేద తాడు చివికిపోయింది, పద్దెనిమిది మైళ్ల దారికి పనికిరాదు, మంచి తోలుపట్టా ఒకటి కొనాలి, ఇనుప రింగు ఉన్నది.

తోలు అనేసరికి నాకు మా అత్త గుర్తొచ్చింది. పెళ్లయి వచ్చిన కొత్తలో ఒకసారి చెప్పులతో మగ్గం గదిలోకి పోయాను. మా అత్త వీధి వినేటట్టు అరిచింది: "తోలు కాలితో మగ్గం కాడికి వస్తావా? మీ ఆదోనిలో ఇట్లనే నేర్పిచ్చినారా?" ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. తోలుపట్టా మెడలో ఉన్న కుక్క ఆ ఇంట్లోకి వస్తే ఇంకేమంటుందో అనుకున్నాను. అడగొచ్చు. అడగలేదు. అడిగితే వద్దంటుందని భయం కాదు, అడిగే ధైర్యం లేకపోవడం. గుడ్డ కోశాక మగ్గం మీద మిగిలే నూలు కొసలు పోగుచేసి తాడు పేనడం మొదలుపెట్టాను. పేనుతూ పేనుతూ ఉంటే అది భయంతో చేస్తున్న పనని మరిచిపోయాను. రంగులు కుదిరాయి. నా చేతిపనికి నేనే మురిసిపోయాను.

రింగు లేదు గదా. తాడు కొసను మడిచి చిన్న కన్ను వేశాను, ఆ కంటి మొదట్లో పాయలన్నిటినీ నేతముడులతో కట్టాను. రెండో కొసను ఆ కన్నులోంచి దూరిస్తే మెడకు పట్టే గుండ్రం వచ్చింది. అది జారితే ఉచ్చవుతుందని నాకు తెలుసు, నేనేమంత తెలివితక్కువదాన్ని కాదు. జారకుండా ఆ చోట నూలు చుట్టి, జొన్న గంజి దట్టంగా పట్టించి ఎండలో పెట్టాను. సాయంత్రానికి కట్టెలాగా నిలబడింది. పడుగుకు గంజి పడితే నూలు ఇనుమవుతుందని పుట్టినప్పటి నుంచి చూసినదాన్ని. మేము దేన్ని గట్టిపరచాలన్నా గంజే పెడతాం. నేతపని తెలియని మనిషి ఎవరైనా ఉంటే ఆ పూటే నవ్వి ఉండేవారు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నాది ఎడమచేతి వాటం. నేతముడి వేయడం నాకు నేర్పింది నాయనే, ఐదారేళ్ల వయసులో, మగ్గం గుంత పక్కన కూర్చోబెట్టుకుని. ఎంత నేర్పినా నా ముడి తిరగబడి పడేది. "ఊరందరి ముడి ఒక పక్క, నా బిడ్డ ముడి ఇంకో పక్క" అని నవ్వేవాడు. గుడ్డ మీద ముడి తడిమి, ఇది అమ్మ వేసింది, ఇది పాప వేసింది అని చెప్పేవాడు. అప్పుడాయనకు కళ్లు బాగానే ఉన్నాయి, అయినా కళ్లు మూసుకుని చెప్పేవాడు, ఆట కోసం.

దసరా పోయి దీపావళి ఇంకా రాని రోజుల్లో తాడు సంచిలో పెట్టుకుని, బస్సెక్కి ఆదోని పోయాను. బస్సులో కుక్కను ఎక్కించరు కాబట్టి తిరుగు ప్రయాణం నూలు బండిలో అని మా మామ మాట్లాడి పెట్టాడు.

పోయిన రోజే నాయన బయలుదేరదీశాడు. "పదమ్మా, స్టేషను రోడ్డు గోడ వారన ఒక పెద్దాయన ఉండాడు, శానా బాగా కుడతాడు." నేను తాడు తెచ్చిన సంగతి అప్పటికింకా చెప్పలేదు. కుక్క ముందు, చేద తాడు పట్టుకుని నాయన వెనక, ఆ వెనక నేను. దారిలో ఇనుప సామాన్ల అంగడిలో గొలుసు చూశాం. నాయన దాన్ని చేతిలోకి తీసుకుని ఊపి చూసి వెనక్కిచ్చేశాడు. "దీని బరువే తెలుస్తాది గానీ కుక్క లాగేది తెలియదు. అది ఆగినా ఇది గలగలంటానే ఉంటాది." ఎద్దులకు కట్టే గజ్జెల పట్టీ చూపించాడు అంగడాయన. నాయన నవ్వాడు. "ఇది మెడకేస్తే నా కుక్క డాన్సాడేదానికి పోతాది." కొబ్బరి పీచు తాడు గుచ్చుకుంటుంది. చివరికి చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర ఆగాం.

"ఏమన్నా, ఈ పొద్దు బిడ్డను కూడా తోడుకొచ్చినావే" అన్నాడు ఆయన నన్ను చూసి. తరవాత కుక్క మెడకు ఒక నూలుపోగు చుట్టి కొలత తీశాడు. పోగుకింద రెండు వేళ్లు దూర్చి చూశాడు. కుక్క కదలకుండా కూర్చుంది. "మూడు వేళ్ల ఎడల్పు పెడతా. ఆముదంలో నానిన తోలు. వాన పడినా, వంక దాటినా ఏం గాదు. రింగు మీద పక్కకు పెట్టాల, గొంతు మీద లాగగూడదు. రేపు పొద్దునకు ఇస్తా."

అప్పుడు నేను సంచిలోంచి తాడు తీశాను.

ఆయన తాడు పట్టుకుని, కన్ను చూసి, గంజి పట్టించిన చోట గోటితో గీకాడు. గంజి పొడిపొడిగా రాలింది. "అమ్మా, రంగు బాగుండాది. గోడకు కట్టుకో. కుక్కకు కట్టొద్దు. ఇది ఎండలో కట్టె, వానలో పాము."

మా పనిని ఆయన చిన్నబుచ్చినట్టు నాకు కోపం వచ్చింది. "మా పడుగులు వానలో నానుతాయని సెప్పి మేం నేసేది మానుకున్యామా?" అన్నాను. ఆ మాటకు అర్థం లేదు, నాకే తెలుసు. నాయన వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాను: "నాయనా, మా అత్త తోలు ఇంట్లోకి రానీదు. మగ్గాలుండే ఇల్లు. నువ్వు వచ్చిన మొదటి దినమే మాట పడాల్సి వస్తాది."

నాయన కుక్క తల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఆయనకు ఆ తోలుపట్టా ఎంత కావాలో ఆ చేతిని చూస్తే తెలుస్తూనే ఉంది.

"సరేలే పాపా. నీ ఇంట్లో ఉండబోతాండా. నీకు మాట రాగూడదు" అన్నాడు. తరవాత ఆ పెద్దాయనతో, "ఏమనుకోవద్దన్నా" అన్నాడు.

ఆయన నూలుపోగును వేలికి చుట్టుకుంటూ, "నాకేం. మెడ దానిది" అన్నాడు.

నాయన తాడును తడిమి చూడబోయాడు. "ఇంటికి పోయినాక సూద్దువులే" అని తీసుకుని సంచిలో పెట్టేశాను. ఎందుకు తడమనివ్వలేదో ఇప్పటికీ నిలదీసుకుంటాను. తడిమితే కన్ను దొరికేది, ఇది ఉచ్చే కదా పాపా అని ఉండేవాడు. ఇంటికి పోయాక మూటలు కట్టే హడావుడిలో పడ్డాం, ఆయన మళ్లీ అడగలేదు, నేను ఇవ్వలేదు.

మర్నాడు తెల్లవారుతూ ఉండగా నూలు బండి వచ్చింది. బండాయన హాలహర్వి దిక్కు మనిషి, మాటలో సగం కన్నడం. మంచి జత ఎద్దులు. నూలు మూటల మీద దుప్పటి పరిచి నాయనను కూర్చోబెట్టాడు. కుక్కను నేను బండి కింద ఇరుసుకు కట్టబోతుంటే వద్దన్నాడు.

"ఇడిసిపెట్టవ్వా. బండి కింద నీడుంటాది, అదే నడుసుకుంటా వస్తాది. ఎన్ని కుక్కలు రాల్యా నాతోన."

"ఊర్లల్లో కుక్కలు తరుముకుంటే యాడన్నా తప్పిపోతాది" అన్నాను. నాయన కూడా పైనుంచి, "కట్టమను, కట్టమను" అన్నాడు. ఆయన భయం ఆయనది. ఆ కుక్క తప్పిపోతే ఆయన కాళ్లు తప్పిపోయినట్టే.

నేనే కట్టాను. కట్టి, మెడ దగ్గర రెండు వేళ్లు దూర్చి చూశాను. హాయిగా దూరాయి. గంజి గట్టిగా పట్టుకునే ఉంది.

పొద్దెక్కేదాకా అంతా బాగుంది. ఒక వంక పక్కన ఎద్దుల్ని విప్పి నీళ్లు తాపాడు. మేము జొన్నరొట్టె, సెనగపిండి తిన్నాం. కుక్కకు నాయన చేత్తో రొట్టె పెట్టాడు. బండి కింద దాని గోళ్ల చప్పుడు, చక్రాల చప్పుడు, నాయన చెప్పే పాత కబుర్లు. మిట్టమధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది. ఒక్కసారిగా వాన. బండాయన నూలు మీద టార్పాలిన్ కప్పాడు. నేను నాయన మీద దాని అంచు పట్టుకుని వంగి కూర్చున్నాను. దారంతా నల్లరేగడి. వాన పడితే ఆ మట్టి కాళ్లకు రెండు మూడు సేర్ల బరువై పట్టుకుంటుంది. నా కాళ్లకు వెండి పట్టీలు, ఒంటి మీద మంచి చీర.

"దాని సద్దు ల్యాదే పాపా" అన్నాడు నాయన. "గోళ్ల సప్పుడు యినపడల్యా."

"వానకు ఎట్ల యినపడతాది నాయనా. నడుస్తాండాది."

ఇంకొంత దూరం పోయాక మళ్లీ అడిగాడు. "ఒక్కసారి దిగి సూడరాదూ?"

"ఇప్పుడే సూసినాలే."

చూడలేదు. అబద్ధం అంత సులువుగా వచ్చింది.

మూడోసారి అడిగినప్పుడు ఆయన గొంతు మారింది. "ఇంతసేపు అది మొరగకుండా ఎన్నడూ ల్యా. నాలిక సప్పుడు చేసినా పలకల్యా. పాపా, దిగు."

నేను దిగలేదు. టార్పాలిన్ కింది నుంచి తల వంచి చూశాను. తోక కనిపించింది. తోక కదులుతోంది. "తోక కనపడతాండాది నాయనా. నడుస్తానే ఉండాది" అన్నాను. తోక ఎందుకట్లా కదులుతోందో ఆలోచించలేదు.

ఇంకో వంక దగ్గర చక్రం మట్టిలో కూరుకుపోయింది. బండాయన దిగి చక్రానికి భుజం పెట్టబోయి, కిందికి వంగి చూసి, "అయ్యో, ఏనవ్వా ఇదు!" అని కేక పెట్టాడు. ఆ కేక నాకిప్పటికీ చెవిలో ఉంది. అప్పుడు దూకాను. మట్టీ లేదు, చీరా లేదు.

గంజి కరిగిపోయింది. చుట్టిన నూలంతా విడిపోయింది. తడిసిన తాడు బిగిసి, లాగిన కొద్దీ కన్నులోంచి జారి, మెడలోకి దిగిపోయింది. బండి ఆగినా కుక్క కాళ్లు ఆగలేదు. వెనక కాళ్లు నడుస్తున్నట్టే కదులుతున్నాయి. ముందు కాళ్లు ఈడుస్తోంది. నాలుక నల్లబడింది. నేను ముడి విప్పబోయాను. నేతముడి గదా, లాగిన కొద్దీ బిగుస్తుంది, విడవదు. అందుకే దాన్ని వేస్తాం. బండాయన నన్ను పక్కకు తోసి, నడుములోంచి కత్తి తీసి, తాడుకూ మెడకూ మధ్య తన వేలు పెట్టి, ఆ వేలు మీదుగా కోశాడు. ఆయన వేలు కూడా తెగింది. కుక్క మట్టిలో పక్కకు పడిపోయి, ఎంతసేపటికో ఊపిరి తీసింది. ఈల వేసినట్టు వినిపించింది.

నాయన పైనుంచి చేతులు చాపి అడుగుతున్నాడు: "ఏమైంది? ఎవురన్నా సెప్పండప్పా. బతికుందా? ఎవురు కట్టినారట్ల?"

నేను చెప్పిన మాట ఇది: "బండాయన నాయనా. ఎద్దులకు నీళ్లు తాపినప్పుడు తాడు ఇప్పి మల్లా కట్టినాడు. బిగిచ్చి కట్టినాడు."

బండాయన నెత్తురు కారుతున్న వేలిని నోట్లో పెట్టుకుని ఉన్నాడు. వేలు బయటికి తీసి నా వైపు చూశాడు. "నేనా?" అన్నాడు. అంతే. వాదించలేదు. నేను ఆయన నూలు తోలే ఇంటి కోడల్ని. ఎద్దుల దగ్గరికి పోయి చక్రం లాగించాడు. తరవాత ఆయనే కుక్కను ఎత్తుకుని నాయన ఒడిలో పెట్టాడు.

నాయన ఒక చేత్తో దాని పొట్ట మీద ఊపిరి చూసుకుంటూ, రెండో చేయి చాపాడు. "ఆ తాడు ఇటియ్యి." ఇచ్చాను. కోసిన ముక్కను బొటనవేలితో ఒకసారి తడిమాడు. కంటి మొదట్లో వేలు ఆగింది. మళ్లీ తడిమాడు. "అట్లనా" అన్నాడు. ఎమ్మిగనూరు వచ్చేదాకా ఇంకో మాట లేదు. అది దుఃఖం వల్ల అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

ఇంట్లోనూ అదే మాట చెప్పాను. ఒకసారి చెప్పాక అది ఇంటి మాటయింది. మా మామ బండాయనను పిలిచి గట్టిగా అనలేదు గానీ, మరుసటి వారం నుంచి నూలుకు వేరే బండి వచ్చింది.

కుక్క బతికింది. పసుపు, ఆముదం కలిపి మెడకు రాశాను, జొన్న గంజి చల్లార్చి, ఆకును పొట్లంగా చుట్టి దాంతో గొంతులో పోశాను. ఆ గంజి కలుపుతుంటే చేయి ఆడేది కాదు. పుండు మానింది. మెడ చుట్టూ వెంట్రుక మొలవని గీత మిగిలింది. గొంతు మాత్రం రాలేదు. మొరగబోతే నోరు తెరుచుకునేది, గాలి వచ్చేది, అంతే. చేతిలో తాడు కనిపిస్తే చాలు, పెరట్లో కట్టెల మోపు వెనక్కి పోయి కూర్చునేది. నూలు కండె చూసినా పోయేది. నేత ఇంట్లో నూలు లేని మూల ఎక్కడుంటుంది?

నాయన పదిహేను రోజులు అరుగు మీదే కూర్చున్నాడు. పడుగులు చాపే చోటికి పోతావా అంటే, "పోదాంలే, అది నడిసినాక" అనేవాడు. పొద్దున్నే నాలుగు సందుల అవతల మనుషులు పడుగు చాపుతూ కేకలు వేసుకుంటుంటే చెవి అటు పెట్టి వినేవాడు.

ఆగలేక ఒకరోజు మామతో పాటు ఆదోని పోయి, స్టేషను రోడ్డు పెద్దాయన దగ్గర తోలుపట్టా తెచ్చాను. కొలత ఆయనకు గుర్తుంది. ఏమైందని అడగలేదు. నా మొహం చూస్తే తెలిసి ఉంటుంది. ఇంటికొచ్చి, ధైర్యం తెచ్చుకుని, అత్తకు చూపించాను. "అత్తా, ఇది తోలుది. కుక్కకు. వాకిట్లోనే పెడతా."

మా అత్త పట్టాను తిప్పి చూసింది. "వాకిట్లో పెట్టుకో, ఎవురొద్దన్యారు? మగ్గం కాడికి తేవద్దంటి గానీ, కుక్క ఏమన్నా మగ్గం ఎక్కి నేస్తాదా? ముందే తేవాల్సింది పిల్లా ఇట్లాంటిది."

వంటింట్లోకి పోయి పొయ్యి ముందర కూర్చున్నాను. ఊదాల్సిన పని లేకపోయినా ఊదుతూ కూర్చున్నాను.

కుక్క ఆ పట్టాను కూడా దగ్గరికి రానివ్వలేదు. నాయన కింద కూర్చుని, పట్టా ఒడిలో పెట్టుకుని నాలుకతో పిలిచాడు. వచ్చింది, రెండు అడుగుల దూరంలో ఆగి వాసన చూసింది, వెనక్కి పోయింది. మూడు రోజులు అట్లానే పిలిచాడు. నాలుగో రోజు పట్టాను నాకిచ్చేశాడు. "వద్దులే పాపా. దాన్ని ఇంక అడగొద్దు." నా వైపు చెయ్యి చాపి, "నీ భుజం ఇట్లా పెట్టు" అన్నాడు.

ఒకరి చెయ్యి పట్టుకుని నడవనన్న మనిషి, నా ఎడమ భుజం మీద చెయ్యి వేసుకుని మెట్లు దిగాడు. కుక్క మా ముందు, తాడు లేకుండా, తనంతట తను బయలుదేరింది. సందు మలుపులో ఆగి వెనక్కి చూసేది, మేము వచ్చాక మళ్లీ నడిచేది. ఆయనకు అది కనిపించదు, వినిపించదు.

అట్లా పోవడం అలవాటైంది. పొద్దున్నే వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా పడుగు చాపి, ఇద్దరిద్దరు ఎదురెదురుగా కుంచెలతో గంజి రాసేవాళ్లు. నాయన వేళ్లు పెట్టి, "ఈడ పలుచన, ఈడ దట్టం" అని చెప్పేవాడు. ఒకాయన "మావా, నీ వేళ్లకు కండ్లుండాయే" అంటే, "మీ కండ్లకు వేళ్లు ల్యావు, అదే మీ కర్మ" అనేవాడు. నవ్వులు. ఆ కాసేపు నేను కొంచెం ఊపిరి పీల్చుకునేదాన్ని.

చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున, పడుగు అడ్డం ఉండి వీధిలో ఒక బండి ఆగిపోయింది. పడుగు ఎత్తేదాకా ఏ బండైనా ఆగాల్సిందే. ఎద్దు గజ్జెల చప్పుడు విని నాయన తల తిప్పాడు.

"హాలహర్వి బండి గదా?"

బండాయన నన్ను చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. "అవు పెద్దాయనా. బాగుండావా?"

నాయన నా భుజం మీద చెయ్యి తీయలేదు. అట్లాగే, పడుగు పట్టినవాళ్లంతా వినేటట్టు చెప్పాడు: "అప్పా, ఆ పొద్దు తాడు కట్టింది నువ్వు గాదని నాకు అప్పుడే తెలుసు. బిగిచ్చి కట్టింది గాదు, జారిన ఉచ్చు అది. ముడి పట్టి సూసినా. అది మా ఇంటి ముడి. నేనే నేర్పిచ్చింది."

వీధి అంతా కుంచెలు ఆగిపోయినట్టు అనిపించింది. నిజంగా ఆగాయో లేదో తెలియదు.

"ఎందుకులే పెద్దాయనా" అన్నాడు బండాయన. "కుక్క బతికింది గదా. అయిపోయిన మాట."

"నీకు నూలు బండి పోయింది. నీ వేలు తెగింది. అయిపోయిందని నువ్వు అంటే సరిపోదు. ఇన్ని దినాలు నేనూ నోరు మూసుకొని ఉంటి. బిడ్డ గదా, తనే సెప్తాదని సూస్తా ఉంటి. నా తప్పూ ఉండాది దీంట్లో."

నేను తల ఎత్తలేదు. నోరు తెరిస్తే ఆ కుక్కలాగా నాకూ గాలే వచ్చేది. ఆఖరికి, "అన్నా, నేనే కట్టినా. నేనే అబద్ధం సెప్పినా" అన్నాను. పడుగు ఎత్తారు. ఆయన ఎద్దుల్ని అదిలించి పోయాడు.

ఆ మధ్యాహ్నమే మామకూ అత్తకూ చెప్పాను. అత్త నోటికొచ్చినట్టు తిట్టింది, ఆ తిట్లు నాకు చాలా తక్కువనిపించాయి. మామ మళ్లీ ఆయనకే కబురు పెట్టాడు. ఆయన రెండు తడవలు నూలు తెచ్చాడు, తరవాత పత్తి బండ్ల వైపు పోయాడు. మా ఇంటి నూలు అంటే ఆయనకు మనసు విరిగి ఉంటుంది.

ఆ పొద్దున మేము ఇంటికి తిరిగి వస్తున్నప్పుడు నాయన చెయ్యి నా భుజం మీద ఎప్పటిలాగే ఉంది. బరువూ పెరగలేదు, తగ్గలేదు. అది తీసేసి గోడ పట్టుకుని నడిచినా నాకు తేలికయ్యేది. తీయలేదు. ఆయనకు వేరే దారి కూడా లేదు. ఆ దారి పోగొట్టింది నేను.

మొదటి మలుపు దగ్గర అడిగాడు. "ఆగిందా?"

నోటి దాకా వచ్చిన మాటను ఆపుకున్నాను. తల ఎత్తి చూశాను. కుక్క మలుపులో ఆగి, వాలిన చెవి మా వైపు పెట్టి, మా కోసం చూస్తోంది.

"ఆగింది నాయనా" అన్నాను.

రెండో మలుపు దగ్గర మళ్లీ అడిగాడు. మళ్లీ చూసి చెప్పాను. ఇంకో రెండేళ్లు, నాయన ఉన్నన్నాళ్లు, రోజూ పోయేటప్పుడు నాలుగు మలుపులు, వచ్చేటప్పుడు నాలుగు. ఒక్కసారి కూడా చూడకుండా చెప్పలేదు.